ఫేస్‌లిఫ్ట్ కోత ఎక్కడ పెట్టాలి? ఒకే ముఖానికి ఇద్దరు సర్జన్లు రెండు గీతలు ఎందుకు గీస్తారు?

పెన్నుగీత · #1
ఫేస్‌లిఫ్ట్ (జారిన ముఖం చర్మాన్ని ఎత్తి బిగించే ఆపరేషన్) మీద ఏ నోట్సు తీసినా "కోత చెవి ముందు మడతలో, జుట్టులో దాగేలా పెట్టాలి" అని ఒక్క వాక్యంతో వదిలేస్తున్నారు. దాగేలా అంటే ఎలాగండీ? ఒకరి గీత చెవి పైనుంచి నేరుగా కణత జుట్టులోకి పోతుంది. ఇంకొకరిది సైడ్‌లాక్ కింద తిరిగి జుట్టు అంచు పట్టుకుని పైకెళ్తుంది. ఒకరు ట్రేగస్ (చెవి రంధ్రం ముందుండే చిన్న మిట్ట) ముందు కోస్తారు, ఒకరు ట్రేగస్ అంచు మీద. చెవి వెనక సంగతైతే ఇంకా గందరగోళం. ఇదంతా ఎవరి అలవాటు వాళ్ళదేనా, లేక లెక్క ఏదైనా ఉందా? ఉంటే సెంటీమీటర్లలో చెప్పండి. మన వైజాగ్ వాళ్ళ చర్మం, జడలు, చెవి నగలు దృష్టిలో పెట్టుకుని చెప్తే ఇంకా మేలు. ప్లాస్టిక్ సర్జరీలో కొత్తగా చేరినవాళ్ళందరికీ పనికొస్తుంది.

ఓటీ_సరళ · #2
లెక్కలకి ముందు ఒక మాట. మనిషిని కూర్చోబెట్టి గీయాలి. పడుకోబెడితే చెంప చెవి వైపుకి జారిపోతుంది, వదులు ఎంతుందో తెలీదు. మత్తు సూది పొడిచాక గీసినా అంతే, మందు నీటికి ఉబ్బి కొలత తప్పుతుంది. జుట్టు గొరగక్కర్లేదు, చిన్న చిన్న పాయలు తీసి రబ్బరు బ్యాండ్లు వేస్తే చాలు.

కణత_లెక్క · #3
సరళ గారు చెప్పింది మొదటి మెట్టు. ఇక లెక్క.

కోత గీత చర్మం ఎటు జరుగుతుంది, ఎంత జరుగుతుంది అన్నదాన్ని బట్టి పడుతుంది. చర్మం జరిగితే దానితోపాటు వెంట్రుకలూ జరుగుతాయి. అందరూ మచ్చ గురించే భయపడతారు గానీ, ఫేస్‌లిఫ్ట్ చేయించుకున్నారని దూరం నుంచే పట్టించేది చోటు తప్పిన జుట్టు.

కంటి బయటి కొస నుంచి కణత జుట్టు అంచు దాకా స్కేలు పెట్టండి. వయసులో ఉన్నవాళ్ళకి అది 4–5 సెం.మీ. లోపు ఉంటుంది. తర్వాత చెవి పైభాగం ముందు చెంప చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి ఎత్తి, ఎంత వదులు వస్తుందో కొలవండి. రెండూ కూడండి. ఇప్పుడు 3.5 ఉండి వదులు 1 వస్తే మొత్తం 4.5. కోత కణత జుట్టులోనే పెట్టొచ్చు, మచ్చ అందులో కలిసిపోతుంది. ఇప్పుడే 4.5 ఉండి వదులు 2 వచ్చిందనుకోండి, 6.5 అవుతుంది. ఆ మనిషికి జుట్టులో కోస్తే కణత బోసిపోయి, జుట్టు చెవి పైన మొదలైనట్టు కనిపిస్తుంది. 5 దాటే సూచన ఉంటే కోత జుట్టు అంచు వెంబడే రావాలి. అంచు కదలదు, ముఖం వైపు చర్మమే వచ్చి దానికి ఆనుకుంటుంది.

రెండో కొలత సైడ్‌లాక్‌ది. చెవి పైమడత ముఖానికి అతుక్కునే చోటు కంటే సైడ్‌లాక్ ఎంత కిందకి దిగుతోందో చూడండి. ఒకటి రెండు సెం.మీ. దిగి ఉండి వదులు తక్కువైతే కాస్త పైకెళ్ళినా నష్టం లేదు. అసలే పొట్టిగా ఉంటే సైడ్‌లాక్ కింద అడ్డంగా చిన్న కోత ఇచ్చి దాన్ని కాపాడాలి.

పెన్నుగీత · #4
ఇది ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు సార్. కానీ జుట్టు అంచున కోస్తే మచ్చ బయటే ఉంటుంది కదా?

కుట్టుదారం · #5
ఉంటుంది, కానీ ఎలా కోశామన్నదాన్ని బట్టి.

జుట్టు మధ్యలో కోసేటప్పుడు బ్లేడు వెంట్రుకల వాలుకి సమాంతరంగా పట్టాలి. కుదుళ్ళు తెగితే ఆ గీత మీద ఎప్పటికీ వెంట్రుక మొలవదు. రక్తం ఆపడానికి కాటరీతో అంచులు కాల్చినా కుదుళ్ళు చస్తాయి. అక్కడ ఓపికగా ఒత్తి పట్టుకోవడమే మందు.

జుట్టు అంచున కోసేటప్పుడు పద్ధతి తిరగబడుతుంది. అంచుకి రెండు మూడు మి.మీ. లోపలగా, ఆ సన్నటి వెంట్రుకల మధ్యలో, కుదుళ్ళని అడ్డంగా కోస్తూ బ్లేడుని బాగా ఏటవాలుగా పట్టాలి. పై చర్మం పోతుంది, కుదుళ్ళ వేళ్ళు కింద మిగులుతాయి. చెంప చర్మాన్ని పల్చగా వాటి మీద పరిచి కుడితే, కొన్ని నెలలకి వెంట్రుకలు మచ్చలోంచే బయటికొస్తాయి. గీత నున్నగా స్కేలు పెట్టినట్టు ఉండకూడదు, సహజమైన అంచులాగే కొంచెం వంకరలు పోవాలి. 6-0 నైలాన్ (చాలా సన్నటి కుట్టు దారం), బిగువు అసలు ఉండకూడదు, 5–7 రోజుల్లో కుట్లు తీసెయ్యాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా తెల్లటి దారంలా కనిపిస్తుంది.

జడబిళ్ళ_భీమిలి · #6
పెళ్ళికూతుళ్ళకి, వాళ్ళ అమ్మలకి తల దువ్వే వైపు నుంచి చెప్తా. మనవాళ్ళు కణతల మీద జుట్టు వదలరు. నూనె రాసి, బిగించి, వెనక్కి దువ్వి జడేస్తారు, లేదా ముడి. అంటే కణత అంచు, చెవి వెనక, మెడ పైభాగం మూడూ రోజంతా బయటే ఉంటాయి. జుట్టు భుజాల మీద వదులుకునేవాళ్ళని చూసి రాసిన సలహా మనకి సరిపోదు. సర్జన్ గారి దగ్గరికి జుట్టు విరబోసుకుని వెళ్ళకుండా, రోజూ వేసుకునే ముడితోనే వెళ్ళమనండి.

ఇంకోటి. సింహాచలంలోనో తిరుమలలోనో తలనీలాల మొక్కు ఉందేమో అడుగుతారా? గుండు చేయిస్తే జుట్టులో దాచిన మచ్చ మొత్తం కనపడుతుంది.

కణత_లెక్క · #7
జడబిళ్ళ గారూ, మొక్కు ప్రశ్న మన ఊళ్ళో తప్పనిసరిగా అడగాల్సిందే. మొక్కు ఉంటే ఆపరేషన్‌కి ముందే తీర్చుకుని, జుట్టు పెరిగాక రమ్మనడం మంచిది. పైగా గుండు మీద జుట్టు అంచు సరిగ్గా తెలీదు, ఆ కొలతలూ కుదరవు. ఆపరేషన్ తర్వాతే తీర్చుకుంటామంటే మచ్చ కొన్ని నెలలు కనిపిస్తుందని ముందే చెప్పాలి. అయితే దీని కోసం కోత చోటు మార్చను. గుండు మీద జుట్టు మళ్ళీ వస్తుంది, చోటు జరిగిపోయిన జుట్టు అంచు వెనక్కి రాదు.

చర్మం_ఎంవీపీ · #8
చర్మం రంగు సంగతి ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. చర్మం రంగుని 1 నుంచి 6 దాకా విడదీసే ఫిట్జ్‌పాట్రిక్ కొలతలో మనది ఎక్కువగా 4, 5 రకం. గాయం మానేటప్పుడు ముందు నల్లబడుతుంది, చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది. బిగువు మీద కుట్టినచోట మాత్రం మచ్చ వెడల్పై, రంగు పోయి తెల్లగా మిగిలిపోతుంది. చామనచాయ చెంప మీద తెల్ల గీత ఎంత సన్నదైనా కంట పడుతుంది. అందుకే ఆరుబయట పడే గీత ఎంత తక్కువైతే మనకి అంత మంచిది.

గీత గీసే ముందు మూడు చోట్లు చూడండి: చెవి కుట్టించుకున్న చోటు, భుజం మీద బీసీజీ టీకా మచ్చ, రొమ్ము మధ్య మొటిమల మచ్చలు. ఎక్కడైనా కీలాయిడ్ (గాయం హద్దు దాటి ఉబ్బి పెరిగే మచ్చ) ఉంటే ఫేస్‌లిఫ్ట్ వద్దనే ఆలోచన కూడా చర్చకి రావాలి. చెవితమ్మె, చెవి వెనక భాగం కీలాయిడ్‌కి ఇష్టమైన చోట్లు.

కుట్లు తీశాక సిలికాన్ జెల్, మూడు నెలలు. బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచేవాళ్ళయినా ఎస్పీఎఫ్ 30 రాయాల్సిందే, ఈ ఉక్కపోతలో చెమటకి కారిపోతుంది కాబట్టి మళ్ళీ మళ్ళీ. మచ్చ ఉబ్బడం మొదలైతే ట్రయాంసినోలోన్ అనే స్టెరాయిడ్ సూది తొందరగా మొదలుపెట్టాలి, ఏడాది ఆగి రావద్దు.

గాజువాక_ఈఎన్‌టీ · #9
ట్రేగస్ దగ్గరికి వద్దాం. నా మాట సూటిగా: ట్రేగస్ ముందు కోతే క్షేమం. అక్కడ సహజంగా ఒక మడత ఉంది, చెంప చర్మం ఒక రంగు, చెవి చర్మం ఇంకో రంగు. రెండూ కలిసే సరిహద్దులో గీత పడితే కన్ను దాన్ని మడతనే అనుకుంటుంది. అంచు మీద కోసినప్పుడు చెంప చర్మం ట్రేగస్ మీదకి ఎక్కుతుంది. అది మందం. ట్రేగస్ ఆకారం పోయి ముద్దలా అవుతుంది. బిగువు పడిందా, ట్రేగస్ ముందుకి లాగేసుకుని చెవి రంధ్రం నోరు తెరిచినట్టు కనిపిస్తుంది. దాన్ని మళ్ళీ సరిచెయ్యడం చాలా కష్టం.

కుట్టుదారం · #10
9తో సగమే ఒప్పుకుంటాను. మీరు చెప్పిన దోషాలన్నీ నిజమే. కానీ అవి అంచు మీద కోసినందుకు రాలేదు, సరిగ్గా కుట్టనందుకు వచ్చాయి.

అంచు మీద అంటే సరిగ్గా అంచు మీదే, రంధ్రం లోపలికి పోకూడదు. గీత చెవి పైమడత వంపు పట్టుకుని దిగి, ట్రేగస్ పైకొస దగ్గర చిన్నగా లోపలికి తిరిగి, అంచు వెంట వచ్చి, కింద గంటు దగ్గర లంబకోణంలో బయటికి మళ్ళాలి. ఈ మలుపు ఇవ్వకుండా గుండ్రంగా తిప్పేస్తే ట్రేగస్‌కి కింది హద్దు పోతుంది, చెంపలోంచి నేరుగా చెవి మొలిచినట్టు ఉంటుంది. ట్రేగస్ మీద కూర్చునే చర్మం ముక్క కింద కొవ్వంతా కత్తెరతో తీసేసి పల్చన చెయ్యాలి. ఆ ముక్కని అవసరం కంటే కొంచెం పెద్దగానే ఉంచాలి. మానేటప్పుడు అది ముడుచుకుంటుంది. సరిగ్గా సరిపోయేలా కత్తిరిస్తే నెలలో పొట్టిదవుతుంది.

8లో చర్మం డాక్టరు గారు చెప్పిన తెల్ల గీత సమస్య చూస్తే, మన రంగుకి అంచు మీద కోతే నయం అనిపిస్తుంది.

గాజువాక_ఈఎన్‌టీ · #11
చెంప మీద ఎండకి మచ్చలు పడి, చర్మం గరుకుగా ఉన్నవాళ్ళకో? ఆ చర్మాన్ని నున్నటి ట్రేగస్ మీద పరిస్తే అతుకు వేసినట్టే ఉంటుంది. చేపల వేటకెళ్ళేవాళ్ళు, ఎండలో పనిచేసేవాళ్ళు మన దగ్గర తక్కువా?

కుట్టుదారం · #12
అక్కడ మీరే కరెక్టు. చెంపకీ ట్రేగస్‌కీ చర్మం బాగా తేడాగా ఉంటే ముందు కోతే. చెంప నున్నగా ఉండి, వెంట్రుకలు లేకుండా ఉంటే అంచు మీద. ఇంతవరకు రాజీ.

సైడ్‌లాక్_శీను · #13
మగాళ్ళ సంగతో? గడ్డం ఉంటుంది కదా. ట్రేగస్ మీద గడ్డం మొలుస్తుందా?

గాజువాక_ఈఎన్‌టీ · #14
మొలుస్తుంది శీనూ, అందుకే మగవాళ్ళకి ముందు కోత. చెవికీ గడ్డానికీ మధ్య వెంట్రుకలు లేని చర్మం పట్టీ ఒకటి ఉంటుంది, సుమారు ఒక సెం.మీ. దాన్ని మిగల్చాలి. లేకపోతే గడ్డం చెవిని తాకుతూ మొలుస్తుంది, గీసుకోవడానికి బ్లేడు పట్టదు. అంచు మీదే కోయాలని పట్టుబడితే చర్మం తిరగేసి కుదుళ్ళని లోపలి వైపు నుంచి ఒక్కొక్కటీ కాల్చాలి, లేదా తర్వాత లేజరు పెట్టాలి. మెడ చర్మం వెనక్కి జరిగితే గడ్డం చెవి వెనక్కి కూడా వెళ్తుంది. అక్కడా గీసుకోవాల్సి వస్తుందని ముందే చెప్పకపోతే తర్వాత మాట పడతాం. బట్టతల ఉంటే కణత జుట్టులో దాచడం అన్న మాటే లేదు.

మత్తు_మావయ్య · #15
మగవాళ్ళ మాట వచ్చింది కాబట్టి. చర్మం కింద రక్తం గడ్డకట్టడం ఆడవాళ్ళలో నూటికి ఇద్దరు ముగ్గురికి, మగవాళ్ళలో అంతకు రెండు మూడు రెట్లు. గడ్డపు కుదుళ్ళకి రక్తం ఎక్కువ అందడం ఒక కారణం. ఎక్కువ భాగం మొదటి 24 గంటల్లోనే వస్తుంది. కోత ఎంత అందంగా పెట్టినా, గడ్డ చర్మాన్ని లోపల్నుంచి ఉబ్బిస్తే కుట్ల అంచులు నల్లబడి, మచ్చ వెడల్పవుతుంది. డ్రెయిన్ (లోపలి రక్తం బయటికి లాగే గొట్టం) పెట్టామని ధీమా వద్దు, డ్రెయిన్ గడ్డని ఆపదు. పై బీపీ 140 దాటనివ్వకూడదు. మెలకువ వచ్చేటప్పుడు దగ్గు, వాంతి, మూత్రం బిగబట్టడం, ఈ మూడూ బీపీని ఎగదోస్తాయి.

ఓటీ_సరళ · #16
మావయ్య గారు ఒక్క గీత గురించి అడిగితే మూత్రం దాకా తీసుకెళ్ళారు! కానీ నిజం. ఒక చెంప మాత్రమే ఉబ్బి, నొప్పి ఎక్కువైందని పేషెంట్ అంటే కట్టు విప్పి చూడాల్సిందే, పొద్దున రౌండ్స్ దాకా ఆగకూడదు.

పెన్నుగీత · #17
చెవి వెనక సంగతి ఇంకా మిగిలింది. మడతలోనే కోయాలా? ఎంత ఎత్తు దాకా వెళ్ళాలి? అక్కడి నుంచి జుట్టులోకా, అంచు వెంటా?

కణత_లెక్క · #18
నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది, కాస్త పెద్దదే రాస్తా.

మడతలో గీస్తే అది మడతలో ఉండదు. మెడ చర్మం బరువుకి మచ్చ కిందకీ వెనక్కీ జారి, చెవి వెనక ఎముక మీదకి వచ్చేస్తుంది. అందుకే మడతకి రెండు మి.మీ. పైన, చెవి డొప్ప వైపు గీయాలి. మానేసరికి అదే మడతలోకి దిగి కూర్చుంటుంది.

ఎత్తు సంగతి. చెవి వెనక నుంచి జుట్టు వైపుకి దాటే అడ్డగీత, చెవి పైమడత జుట్టు అంచుని తాకే చోట పడాలి. చెవే దాన్ని కప్పేస్తుంది. కిందుగా, చెవి మధ్యలో దాటిస్తే పక్క నుంచి చూసినవాళ్ళకి కనపడుతుంది. మడత మీదుగా తిన్నగా దాటించినా తప్పే, మచ్చ ముడుచుకుని బాతు కాలి వేళ్ళ మధ్య పొరలా అడ్డం పడుతుంది. చిన్న వంపు ఇవ్వండి.

ఇక జుట్టులోకా, అంచు వెంటా? మళ్ళీ కొలతే. మెడ చర్మం వెనక్కి రెండు సెం.మీ. లోపు జరిగితే జుట్టులోకి పోవచ్చు. అంతకు మించితే, జుట్టులో కోసి వదులు కత్తిరించాక పై అంచూ కింది అంచూ కలవవు, మెడ వెనక జుట్టు గీతలో మెట్టు పడుతుంది. 6లో జడబిళ్ళ గారు అన్నట్టు, ముడి వేసుకునే మనిషికి ఆ మెట్టు దాగదు. అలాంటివాళ్ళకి అంచు వెంటే రావాలి. అయితే కింద దాకా లాగకూడదు. మెడ వెనక ఒత్తు జుట్టు అయిపోయి సన్న వెంట్రుకలు మొదలయ్యే చోటికి ముందే గీతని జుట్టులోకి తిప్పెయ్యాలి. ఆ సన్న వెంట్రుకలు ఏ మచ్చనీ కప్పలేవు.

జడబిళ్ళ_భీమిలి · #19
ఆ చివరి మాట బంగారం. జడ పైకెత్తి చూస్తే మొదట కనిపించేది ఆ చోటే. చెవితమ్మె సంగతి కూడా చెప్పండి సార్. కొందరికి ఆపరేషన్ తర్వాత తమ్మె చెంపలోకి అతికిపోయినట్టు, కిందకి లాగినట్టు ఉంటుంది. బుట్టకమ్మలు పెడితే ముందుకి తిరిగిపోతాయి.

కుట్టుదారం · #20
కారణం ఒక్కటే, చెంప బరువుని తమ్మెకి వేలాడదీయడం. బిగువంతా రెండు కుట్ల మీదే ఉండాలి: చెవి ముందు పైభాగాన ఒకటి, చెవి వెనక అడ్డగీత మొదట్లో ఒకటి. తమ్మె దగ్గర చర్మం ఊరికే వచ్చి ఆనుకోవాలి. కత్తిరించేటప్పుడు తమ్మెని చర్మం మీద నుంచి బయటికి తీసే చీలిక చాలా పొట్టిగా మొదలుపెట్టి, చూసుకుంటూ కొంచెం కొంచెం పెంచాలి. ఒక్కసారి ఎక్కువ కోశారా, వెనక్కి తేలేరు. గీతని తమ్మె మొదలుకి ఒకటి రెండు మి.మీ. కింద పెట్టి చిన్న పట్టీ మిగిలిస్తే తమ్మె గుండ్రంగా ఉంటుంది.

బరువు కమ్మలకి సాగిన రంధ్రం, చీలిన తమ్మె ఉంటే ముందే ఫొటో తీసి చూపించండి. లేకపోతే అదీ ఫేస్‌లిఫ్ట్ వల్లే అంటారు. చీలిక కుట్టాక మళ్ళీ కుట్టించుకునేటప్పుడు మచ్చ మీద పొడవకూడదు, పక్కన పొడవాలి. ఆరు వారాల దాకా బుట్టకమ్మలు, మాటీలు వద్దు. చెవుల మీంచి లాగి తొడిగే హెల్మెట్ కూడా సర్జన్ సరేననే దాకా వద్దు, బండి వెనక కూర్చునైనా సరే.

సైడ్‌లాక్_శీను · #21
"చిన్న కోత ఫేస్‌లిఫ్ట్, చెవి వెనక గాటు లేదు" అని ప్రకటనలు చూస్తున్నా. అలా కుదిరితే ఇదంతా ఎందుకు?

కణత_లెక్క · #22
కుదిరేవాళ్ళకి కుదురుతుంది. 2002లో బెల్జియం సర్జన్లు టోనార్డ్, వెర్పీల్ పేరుపెట్టిన మ్యాక్స్ లిఫ్ట్ అలాంటిదే. కోత తమ్మె దగ్గర ఆగిపోతుంది, లోపలి పొరని పైకి లాగి దారాలతో కడతారు. దవడ పక్కన జారిన చెంప ఉండి, మెడ చర్మం బిగువుగానే ఉన్న మనిషికి మంచి పద్ధతి. మెడ మీద వదులు ఎక్కువ ఉన్నవాళ్ళకి అదే చేస్తే ఆ చర్మం పోవడానికి దారి లేదు, తమ్మె కింద కుచ్చిళ్ళు పడతాయి. పైకి ఎక్కువ లాగితే కణత దగ్గర కూడా.

ఒక సంగతి గుర్తుపెట్టుకో శీనూ. 1976లో మిట్జ్, పేరోనీ చర్మం కింద స్మాస్ అనే పొరని వివరించారు. బరువు మొయ్యాల్సింది ఆ పొర. దాన్ని గట్టిగా పట్టించిన సర్జన్‌కి చర్మం మీద బిగువు మిగలదు, కోత పొడుగైనా మచ్చ సన్నగా మానుతుంది. చర్మాన్నే లాగి కుట్టేవాళ్ళ కోత రెండు అంగుళాలైనా వెడల్పవుతుంది.

చర్మం_ఎంవీపీ · #23
పొగ సంగతి వదిలేశారు. సిగరెట్టే కాదు, మన తీరం వెంట ఆడవాళ్ళు నిప్పు కొస నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ చుట్ట కూడా అడగాలి. చాలామంది దాన్ని పొగతాగడంగా లెక్కెయ్యరు, "సిగరెట్లు తాగుతారా" అంటే లేదంటారు. 1984లో రీస్ బృందం అచ్చువేసిన లెక్కలో ఫేస్‌లిఫ్ట్ తర్వాత చర్మం చచ్చిపోయే ముప్పు పొగతాగేవాళ్ళకి సుమారు 12 రెట్లు.

కణత_లెక్క · #24
మంచి గుర్తు చేశారు మేడమ్. చర్మం చచ్చేది దాదాపు ఎప్పుడూ చెవి వెనకే. రక్తం ముందు నుంచి రావాలి, ఆ కొస అన్నిటికంటే దూరం, పల్చన, పైగా బిగువూ అక్కడే. ఆపరేషన్‌కి ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు పొగ మానాలి, నికోటిన్ పట్టీలు, గుట్కా కూడా. మానలేదని అనుమానం ఉంటే వాయిదా వెయ్యడమే సరి. మానినవాళ్ళకైనా చెవి వెనక చర్మం తక్కువ విప్పి (అంటే కింది పొర నుంచి తక్కువ వేరుచేసి), ఆ కొస మొనదేలకుండా వెడల్పుగా ఉంచుతాను.

గాజువాక_ఈఎన్‌టీ · #25
చెవి వెనక విప్పేటప్పుడు గ్రేట్ ఆరిక్యులర్ నరం (తమ్మెకి స్పర్శనిచ్చే నరం) జాగ్రత్త. చెవి రంధ్రం నుంచి 6.5 సెం.మీ. కింద, మెడ కండరం నడిమధ్యలో దాటుతుంది. గీత గీసిన రోజే దాన్నీ చుక్క పెట్టి ఉంచండి. తెగితే తమ్మెకి స్పర్శ పోతుంది, కమ్మ పెట్టుకునేటప్పుడు కూడా తెలీదు.

పెన్నుగీత · #26
చివరిగా ఒక్కటి. ఇదివరకే ఒకసారి ఫేస్‌లిఫ్ట్ అయినవాళ్ళకి పాత మచ్చ మీదే కోయాలా?

కుట్టుదారం · #27
పాత మచ్చ సరైన చోట ఉంటే దానిమీదే, మచ్చని తీసేస్తూ. తప్పు చోట ఉంటే, ఉదాహరణకి ట్రేగస్‌కి ఒక సెం.మీ. ముందు పడి ఉంటే, దాన్ని సరైన చోటికి తేవడానికి చర్మం సరిపోతుందా అని ముందు చిటికె పట్టి చూడు. రెండోసారికి వదులు తక్కువే దొరుకుతుంది. సరిపోకపోతే పాత మచ్చ మీదే కోసి, బిగువు లేకుండా కుట్టు. కణత జుట్టు మొదటిసారే వెనక్కి పోయి ఉంటే ఈసారి జుట్టులో కోత మాట ఎత్తకు, అంచు వెంటే.

ఓటీ_సరళ · #28
పెన్నుగీత తమ్ముడూ, కొలిచేటప్పుడు రెండు వైపులా విడివిడిగా కొలువు. కుడి చెవీ ఎడమ చెవీ ఒకేలా ఉండవు, వదులూ ఒకేలా రాదు. ఒకవైపు 4.5, ఇంకోవైపు 5.5 వచ్చిందంటే ఏం చెయ్యాలో పెద్దవాళ్ళని ఇక్కడే అడుగు.

కణత_లెక్క · #29
అడగక్కర్లేదు, చెప్పేస్తా: రెండు వైపులా అంచు వెంటే. ఒక కణత జుట్టు జరిగి ఇంకోటి జరక్కపోతే అద్దంలో రోజూ అదే కనిపిస్తుంది.